చీటీ తప్పితే మూటంతా తప్పే

పోయిన ఆదివారం మా గల్లీలో సాంచాలు నడిపే తమ్ముడొకడు ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. వాళ్ళ బిడ్డ ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడు చదువుతోంది.

"అన్నా, పత్రికల నాలుగు మాటలు రాసేటోనివి, నువ్వే చెప్పు. పిల్ల పొద్దంతా కాలేజీల పురుగులకు పేర్లు వెతుకుతున్నదంట. కండ్లకు ఆనని పురుగులు! దీనికోసమా నేను రాత్రిపాళీలు చేసి ఫీజు కడుతున్నది? వచ్చే నెల ఇంకో కంతు కట్టాలె. ఇగ చాలు, బంద్ చెయ్యమంట" అన్నాడు.

నాకూ వెంటనే జవాబు తోచలేదు. "పిల్లనే పిలువు, అడుగుదాం" అన్నాను. అమ్మాయి వచ్చింది. ఆ గంటసేపు విన్నది ఈ నెల మీకు చెబుతున్నాను.

బడిలో పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇస్తారు కదా. ఆ నులిపురుగులు, ఏలికపాములు నెమటోడ్లు అనే వంశానివి. మన కడుపులో, పంటల వేళ్ళలో చేరి పీడించేవి వాటిలో కొన్ని. కానీ ఎవరి ఒంట్లోనూ చేరకుండా మట్టిలో, కుళ్ళిన పండులో బ్యాక్టీరియా తిని తమ బతుకు తాము బతికేవి లెక్కలేనన్ని. ఒక్కోటి ఒక మిల్లీమీటరు పొడవు, కొన్ని అంతకన్నా చిన్నవి. ఇప్పటిదాకా పేరు పెట్టిన నెమటోడ్ జాతులు 25,000 పైమాటే. పేరు లేనివి అంతకన్నా చాలా ఎక్కువని శాస్త్రజ్ఞుల అంచనా.

"అన్నీ దారప్పోగు లెక్కనే ఉంటయి గద, ఎట్ల పోల్చుకుంటరు?" అన్నాడు తండ్రి.

అమ్మాయి ఒక కథ చెప్పింది. 1900లో ఎమీల్ మోపా అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అల్జీరియా మట్టిలో దొరికిన ఒక పురుగును వర్ణించి ఎలిగాన్స్ అని పేరు పెట్టాడు. 1940లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే మార్గరెట్ బ్రిగ్స్ మట్టిలోంచి ఒక పురుగును తీసి, దాన్ని పెంచే పద్ధతుల మీద సిద్ధాంతగ్రంథం రాసింది. చూడడానికి రెండూ ఒకటే. అయితే 1949లో డౌగర్టీ, నీగాన్ అనే ఇద్దరు రెండింటినీ జత కలిపి చూస్తే బతికి నిలిచే సంతానం కలగలేదు. అంటే జాతులు వేరు. కొత్తదానికి ఆ విద్యార్థిని పేరు మీదనే బ్రిగ్సే అని పేరు పెట్టారు.

"ఎం.ఏ. చదివే పిల్ల పేరా?" అని తమ్ముడు మళ్ళీ అడిగాడు.

ఇప్పటి పద్ధతి ఇంకాస్త ముందుకు పోయింది. కుళ్ళిన పండు ముక్కను బ్యాక్టీరియా పూసిన పళ్ళెంలో పెడతారు. పురుగులు పాకి బయటికి వస్తాయి. సన్నని ప్లాటినం తీగతో ఒక్కదాన్ని ఎత్తి వేరే పళ్ళెంలో పెంచుతారు. నోరు, గొంతు, మగ పురుగు తోక చూస్తారు. తర్వాత డి.ఎన్.ఏ.లో ఒక చిన్న ముక్క చదివి, దగ్గరి చుట్టమెవరో తెలుసుకుంటారు. చివరికి ఆ చుట్టంతో జత కలిపి చూస్తారు. పిల్లలు పుట్టి, ఆ పిల్లలకూ పిల్లలు పుడితే అదే జాతి, లేదంటే వేరు. 2014లో మరీ-ఆన్ ఫెలిక్స్, ఇంకో ఇద్దరు కలిసి ఈ తీరులోనే ఒక్కసారి 15 జాతులకు పేర్లు పెట్టారు. ఆ పురుగులను గడ్డకట్టించి దాచుతారు. కరిగిస్తే మళ్ళీ కదులుతాయి. కాబట్టి అనుమానం ఉన్నవాళ్ళు ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు.

మిల్లుల ఊరు అహ్మదాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. 2003లో బ్రిగ్సే జన్యువులన్నీ చదివి ప్రకటించింది అహ్మదాబాద్ మట్టిలో దొరికిన సంతతి నుంచే.

"సరే, పేరు తప్పు పడితే ఏం కొంప మునుగుతది?" అన్నాడు తమ్ముడు.

దానికి జవాబు నా దగ్గరే ఉంది. మిల్లు గోదాములో పనిచేసే రోజుల్లో, ఒక రాత్రి నిద్రమత్తులో 34 నంబరు నూలు మూటకు 30 నంబరు చీటీ కట్టాను. నూలు చూస్తే తేడా తెలియలేదు. నేసి రంగు వేశాక బట్ట మీద చారలు తేలాయి. నేత బాగుంది, రంగు బాగుంది, చీటీ ఒక్కటే తప్పు. సరుకంతా పక్కన పెట్టారు. ఆ నెల జీతంలో కోత పడింది.

"అచ్చంగా అదే పెదనాయనా" అంది అమ్మాయి. కొన్ని ప్రయోగశాలల్లో బ్రిగ్సే అని రాసిపెట్టి పెంచినవి నిజానికి ఎలిగాన్స్ అని 1970లలో తేలిందట. వాటి మీద రాసిన ఫలితాలు ఏ జాతివో మళ్ళీ చూసుకోవలసి వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర లాంటి మందులు పురుగులో ఎక్కడ దెబ్బ కొడతాయో తెలుసుకోవడానికి ఎలిగాన్స్ మీది పరీక్షలు చాలా పనికొచ్చాయి. పొలం మట్టిలోనూ అంతే. పంటను తినే పురుగేదో, ఊరికే బతికే పురుగేదో తెలియకుండా మందు కొడితే డబ్బు మట్టిలో పోసినట్టే.

తండ్రి చివరికి అసలు ప్రశ్న అడిగాడు. "మరి దీనితోని కొలువు వస్తదా బిడ్డా?"

అమ్మాయి దాచలేదు. "తప్పకుండ వస్తదని చెప్పలేను బాపూ. మొక్కల జబ్బులు చూసే ల్యాబులల్ల పురుగును గుర్తుపట్టేటోళ్ళు కావాలె. అందుకే నేర్చుకుంటున్న."

తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. లేచి చెప్పులు వేసుకుంటూ, "మీ కాలేజీల ఆ అద్దంలకెళ్ళి నన్నొకసారి చూడనిస్తరా?" అని అడిగాడు. కంతు సంగతి ఇంకా తేల్చలేదు. వచ్చే శనివారం రాత్రిపాళీ దిగి, నిద్రపోకుండా బిడ్డ వెంట కాలేజీకి పోతానన్నాడు.

మన ఇళ్ళల్లో పిల్లలు చాలామంది మనకు తెలియని చదువులే చదువుతున్నారు. బంద్ చెయ్యమనే ముందు ఒక గంట కూర్చొని, ఏం చేస్తున్నావని అడగండి. మనం ముప్పై ఏళ్ళు సాంచా దగ్గర చేసిన పనే వాళ్ళూ ఇంకో అద్దం కింద చేస్తున్నారేమో.