మొదటి రాత్రే ఫైసలా ఎందుకు?

"బచేంగే క్యా, డాక్టర్ సాబ్?" ఐసీయూ తలుపు దగ్గర మనవాళ్లు అడిగే మొదటి సవాల్ ఇదే. జవాబుగా ఒక గ్రేడ్ వినిపిస్తుంది. "గ్రేడ్ 5 అమ్మా, ఉమ్మీద్ తక్కువ." అంతే, అరగంటలో రిష్తేదార్లంతా అంబులెన్స్ మాట్లాడుతుంటారు, ఇంటికి తీసుకుపోదామని. నా గొడవ ఆ అరగంటతోనే.

మెదడును కప్పే పొరల్లో ఒకటి సాలెగూడులా ఉంటుంది. దాని కింద రక్తం చేరితే సబ్‌అరాక్నాయిడ్ హెమరేజ్ అంటారు. తలకు దెబ్బ తగలకుండా వచ్చిందంటే, చాలాసార్లు రక్తనాళం మీద బుడగలా ఉబ్బిన ఎన్యూరిజం పగిలిందన్నమాట. పిడుగు పడ్డట్టు, జిందగీలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి. కొందరికి ఆస్పత్రి చేరకముందే ఇంతెఖాల్ అయిపోతుంది.

చేరినవాళ్లను తూచడానికి 1968లో హంట్, హెస్ అనే ఇద్దరు వైద్యులు ఐదు మెట్ల కొలత ఇచ్చారు. 1988లో ప్రపంచ న్యూరోసర్జన్ల సమాఖ్య ఇంకోటి తెచ్చింది. అది గ్లాస్గో కోమా స్కేలు మీద నడుస్తుంది: కళ్లు తెరవడం, మాట, కదలిక, మూడూ కలిపి 3 నుంచి 15 మార్కులు. 15 వస్తే గ్రేడ్ 1. 6కు దిగితే గ్రేడ్ 5. ఉమర్, స్కాన్‌లో కనిపించే రక్తం కూడా లెక్కలోకి వస్తాయి.

ఈ కొలతలు అబద్ధం కావు. కానీ అవి గుంపు లెక్కలు. వందలో ఎనభై మంది పోతారని డాక్టర్ అన్నాడనుకోండి, మీ అబ్బాజాన్ ఆ ఎనభైలోనా, మిగిలిన ఇరవైలోనా అన్నది ఆ అంకె చెప్పలేదు. పైగా గ్రేడ్ మారుతుంది. మెదడులో నీరు నిలిచి ఒత్తిడి పెరిగినా, ఫిట్స్ వచ్చినా మనిషి కోమాలో ఉన్నట్టే కనిపిస్తాడు. గొట్టం వేసి ఆ నీరు తీశాక అదే మనిషి చెయ్యి కదిలించవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. గ్రేడ్ 5 అని ఇలాజ్ ఆపేస్తాం, మనిషి పోతాడు. ఆ మౌత్ లెక్కలో చేరి, తర్వాత వచ్చే గ్రేడ్ 5 మనిషికి ఇంకా తక్కువ ఉమ్మీద్ చూపిస్తుంది. జోస్యం తనను తానే నిజం చేసుకుంటుంది. అందుకే న్యూరో ఐసీయూ నిపుణులు 2015లోనే, ఇలాంటి భారీ మెదడు గాయాల్లో 72 గంటలైనా చూసి ఫైసలా చేయమన్నారు. ఆగడమంటే ఇలాజ్ ఆపడం కాదు సుమా! పగిలిన బుడగ మళ్లీ పగిలే ఖత్రా మొదటి 24 గంటల్లోనే ఎక్కువ.

"తఖ్దీర్‌లో ఉంటే బతుకుతాడు" అని తీసుకుపోయేవాళ్లతో ఒక్క మాట: తద్బీర్ చేయకుండా తఖ్దీర్ మీద వేయడం మన దీన్ నేర్పలేదు. అలాగని పొలం అమ్మి నెలలపాటు వెంటిలేటర్ మీద ఉంచమనీ అనను. మూడు రోజుల తర్వాత కూడా మెదడు జవాబివ్వకపోతే, ఆపడం గునాహ్ అని నేననుకోను.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. నీరు తీశాక గ్రేడ్ ఎంత? బతికితే మాట, నడక ఎలా ఉండొచ్చు? ఆరోగ్యశ్రీలో వస్తుందా అన్నది ఆరోగ్యమిత్రను అడగండి. విన్న జవాబులు ఇంట్లో అందరికీ ఒకేలా చెప్పండి. బావమరిదికి "ఉమ్మీద్ లేదు" అని, బీవీకి మాత్రం "కుఛ్ నహీ హోతా" అని చెప్పే అలవాటు మన ఇళ్లలో బాగా ఉంది.