మూలన పడ్డ బండి... మూలం ఎక్కడ?

పశువుల కొట్టంలో గడ్డిమోపులకు ఆనించి ఓ మోటార్‌సైకిల్. హ్యాండిల్ నిండా బూజు. సీటు మీద కోడి పొదుగుతోంది. రెండేళ్ల కిందట ఇంటి పెద్దాయన పోయిన రోజు అక్కడ పెట్టారు. మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు కొడుక్కి బండి అవసరం పడింది. తెల్లారకముందే టమాటా, ఆకుకూరల మూటలు చేవెళ్ల మార్కెట్‌కు చేర్చాలి. కిక్కు మీద కిక్కు కొట్టాడు. కాలు నొప్పి పుట్టింది కానీ బండి ఉలకలేదు, పలకలేదు.

తెలిసిన మెకానిక్ ఒకాయన చూసి తేల్చేశాడు. "ఇంజిన్ పోయింది. బోర్ చేయించాలె. ఏడెనిమిది వేలైతది."

పాత సామాన్లు కొనే ఆయన చెవిన ఆ మాట పడనే పడింది. "మూడు వేలిస్త, ఇచ్చెయ్‌రాదు!" అన్నాడు. నాయిన బండి... అమ్మబుద్ధి కాదు. బాగు చేయిద్దామంటే చేతిలో డబ్బు లేదు.

చేవెళ్ల పక్కన ఓ పల్లెలో మేం చూసిన సంగతిది. సీడీ 100లు, స్ప్లెండర్లు, బాక్సర్లు... ఇలా మూలన పడ్డవి మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. కొడుకు కొత్త బండి కొన్నాడనో, అల్లుడు దుబాయ్ వెళ్లాడనో వాటిని పక్కన పెట్టేస్తాం. కదలకపోయేసరికి 'ఇంజిన్ పోయింది' అనుకుంటాం. నిజానికి అలాంటి బండ్లలో చాలాసార్లు మొండికేసేది ఇంజిన్ కాదు, కార్బురేటర్.

నాజిల్ జామైతే స్ప్రేయర్ అమ్ముతామా?

మొయినాబాద్‌లో పాతికేళ్లుగా బండ్లు బాగు చేస్తున్న ఓ పెద్ద మెకానిక్‌ను ఆ కుర్రాడు ఇంటికి పిలుచుకొచ్చాడు. ఆయన బండిని వాకిట్లోకి తెప్పించి, అడిగిన మొదటి ప్రశ్న ఇదీ...

"తమ్మీ, మందు కొట్టే స్ప్రేయర్ నాజిల్ జామైతే ఏం జేస్తవ్?"

"కడుగుత అన్నా."

"స్ప్రేయర్ అమ్ముకోవు గద! ఇదీ అంతే."

కార్బురేటర్ చేసేది అచ్చంగా స్ప్రేయర్ పనే. ఇంజిన్ పీల్చుకునే గాలి ఒక ఇరుకు దారిలోంచి వేగంగా వెళుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. దాంతో కింద గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నని రంధ్రాల్లోంచి పైకి లేచి, తుంపరగా మారి గాలిలో కలుస్తుంది. పెట్రోలును ఇలా తుంపరగా చిమ్మే పద్ధతిని జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో రూపొందించాడు. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటార్‌సైకిళ్లలో దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. అంతకుముందు కొన్న మామూలు బండ్లలో ఎక్కువ వాటికి కార్బురేటరే దిక్కు.

అందులో ముఖ్యమైన జెట్లు రెండు. బండి స్లోలో నిలవడానికి పైలట్ జెట్. రేస్ ఇచ్చినప్పుడు మెయిన్ జెట్. పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం.

బండి నెలల తరబడి నిలిచిపోతే గిన్నెలోని పెట్రోలులో తేలికగా మండే భాగం ముందు ఆవిరైపోతుంది. మిగిలింది గాలి తగిలి, ముదురు పాకంలా జిగురుగా మారి జెట్లకు పట్టేస్తుంది. ముందుగా మూసుకుపోయేది సన్నగా ఉండే పైలట్ జెట్టే. దీనికితోడు ఎథనాల్. మన పెట్రోలులో దాని వాటా 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఎథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో చెమ్మ ఎక్కువైతే నీళ్లూ ఎథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. బండికి ముందు అందేది ఆ అడుగుదే!

ఒక్కొక్కటే చూద్దాం

పని ఆరుబయటే చేయాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

మొదట ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పెట్రోలు ఘాటు పోయి, వార్నిష్ కంపు కొడితే అది పాడైనట్టే. లోపల తుప్పు ఉందేమో టార్చిలైటుతో చూడండి. పాత పెట్రోలు పైపు ద్వారా కిందికి వదలండి. నోటితో మాత్రం పీల్చొద్దు. ఆ పెట్రోలు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికొస్తుంది. తీసిన దాన్ని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచడం ఇంకా ప్రమాదం. కొద్దిగా గాజు గ్లాసులో పట్టి కాసేపు కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు చేరినట్టే. చూడ్డం కాగానే దాన్ని పారబోసి, ఆ గ్లాసును మళ్లీ వంటింట్లోకి తేకండి.

కొత్త పెట్రోలు పోశాక కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి ట్యాప్ తిప్పండి. ధార ఆగకుండా రావాలి. కాసేపు వచ్చి ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ వస్తే తప్పు మూతదే. దానికి గాలి వెళ్లే రంధ్రం మూసుకుపోయింది. కందిరీగలు మట్టిగూడు కట్టడానికి ఇలాంటి చోట్లే వెతుక్కుంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా తెరవండి. ఎలుకలు కాపురం పెట్టి ఉండొచ్చు.

ఇప్పుడు చోక్ వేసి పది కిక్కులు కొట్టి, ప్లగ్ విప్పండి. అది పొడిగా ఉంటే పెట్రోలు ఇంజిన్ దాకా రావట్లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, స్పార్క్ సరిగా లేదేమో చూడాలి.

మన కుర్రాడి బండి ప్లగ్ పొడిగా ఉంది. మెకానిక్ ప్లగ్ రంధ్రంలో నాలుగు చుక్కల పెట్రోలు వేసి, ప్లగ్ బిగించి కిక్కు కొట్టాడు. బండి రెండు క్షణాలు 'డుగ్ డుగ్' మని ఆగిపోయింది. "ఇన్నవా? ఇంజిన్ పోతే ఈ సప్పుడు గూడ రాదు" అన్నాడాయన. స్పార్క్ ఉంది, ఇంజిన్‌లో దమ్ముంది. పెట్రోలే అందడం లేదు. ఈ పరీక్ష మాత్రం అనుభవం ఉన్నవాళ్లే చేయాలి.

బండి చెప్పే గుర్తులు

* చోక్ ఉంటేనే నడుస్తుంది, తీయగానే ఆగిపోతుంది: పైలట్ జెట్ మూసుకుంది. కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు పగిలి గాలి లాగుతున్నా ఇలాగే అవుతుంది.
* స్లోలో బాగుంటుంది, రేస్ ఇస్తే గొంతు పట్టేస్తుంది: మెయిన్ జెట్, ట్యాప్ జల్లెడ చూడాలి. లేదంటే నీళ్లు చేరాయి.
* కింది సన్న పైపులోంచి పెట్రోలు కారుతుంది: గిన్నెలోని ఫ్లోట్ నీడిల్ ఇరుక్కుంది. వెంటనే ట్యాప్ కట్టేయాలి.
* నల్లపొగ వస్తుంది, ప్లగ్‌కు మసి పడుతుంది: చోక్ పూర్తిగా తెరుచుకోలేదు. లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది.

జెట్లను కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో కడిగి, గాలి కొట్టించాలి. సూదులు, పిన్నీసులు దూర్చొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది. కడిగిన జెట్‌ను ఆకాశం వైపు పెట్టి చూస్తే వెలుతురు గుండ్రంగా కనిపించాలి. గాలి స్క్రూ విప్పేముందు పూర్తిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టుకోండి. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పాలి.

మొయినాబాద్ మెకానిక్ ఇవన్నీ చేసేసరికి గంటన్నర పట్టింది. క్లీనర్, ప్లగ్, రబ్బరు వాషర్లు, ఇంజిన్ ఆయిల్, కూలి... మొత్తం 1200 రూపాయలైంది.

రోడ్డెక్కే ముందు...

స్టార్టయింది కదా అని వెంటనే రోడ్డెక్కకండి. బ్రేకులు, టైర్లు, లైట్లు చూడండి. ఇన్సూరెన్స్ అయిపోయి ఉంటుంది. బండికి 15 ఏళ్లు దాటితే ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ముఖ్యంగా రేస్ ఇస్తే తడబడే బండిని హైవే మీదికి తేవొద్దు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వెళ్లే ఈ దారిలోనే మీర్జాగూడ దగ్గర 2025 నవంబరు 3న కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. లారీని దాటే క్షణంలో బండి దగ్గి ఆగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందు ఊళ్లోనే నాలుగు రోజులు తిప్పి చూసుకోండి.

ఇక మీదట నెల రోజులకు మించి బండి తీయమనుకుంటే పెట్రోల్ ట్యాప్ కట్టేసి, దానంతట అది ఆగిపోయేదాకా ఇంజిన్ నడపండి. గిన్నె ఖాళీ అవుతుంది. జిగురు పట్టడానికి అందులో పెట్రోలు పెద్దగా మిగలదు. నిమిషాల పని, వేలు మిగులుతాయి.

ఆ రోజు మూడో కిక్కుకు బండి అందుకుంది. చోక్ తీశాక కూడా నిలకడగా మోగింది. ఆ చప్పుడుకు పెద్దావిడ ఇంట్లోంచి గబగబా వాకిట్లోకి వచ్చింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. కొంగుతో సీటు మీది దుమ్ము తుడిచింది. పాత సామాన్ల ఆయన మళ్లీ వస్తే ఏం చెప్పాలో కొడుక్కి ఇంకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.