ఇల్లు ఎవరి కోసం సర్దుకోవాలి?

మన ఇళ్లలో సర్దుళ్లు సాధారణంగా రెండు సందర్భాల్లో జరుగుతాయి: పండుగ వచ్చినప్పుడు, చుట్టాలు వస్తున్నప్పుడు. దసరాకో సంక్రాంతికో ముందు బూజులు దులుపుతాం. అటక మీది సామాను దించి, తుడిచి, మళ్లీ అటక మీదికే ఎక్కిస్తాం. చుట్టాలు వస్తున్నారని కబురు అందితే పని ఇంకా సులువు. ముందు గదిలో పడి ఉన్న పత్రికలు, సంచులు, చార్జర్ల తీగలు, మడతపెట్టని బట్టలు అన్నీ పోగుచేసి లోపలి గదిలో మంచం కిందికి నెట్టి, తలుపు దగ్గరగా వేస్తాం. ముందు గది అద్దంలా మెరుస్తుంది. ఆ లోపలి గదిలో ఎవరుంటారు? చాలా ఇళ్లలో పెద్దవారు. రాత్రికి రెండు మూడుసార్లు లేచి బాత్‌రూమ్‌కు వెళ్లవలసినవారు.

ఇల్లు సర్దుకోవలసింది అతిథి కోసం కాదని, ఆ ఇంట్లో అందరికన్నా వయసు మళ్లిన మనిషి కోసం, అందరికన్నా చిన్న బిడ్డ కోసం అని నా అభిప్రాయం. ఈ మాట ఒప్పుకుంటే పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా మారిపోతుంది. ముందు గదిని చివరికి వదిలేయవచ్చు.

జపాన్‌కు చెందిన మేరీ కోండో అనే ఆమె, చేతిలోకి తీసుకున్న వస్తువు మనసుకు ఆనందం కలిగిస్తేనే ఉంచుకోమని చెప్పి ప్రపంచ ప్రసిద్ధురాలైంది. చీరల బీరువాకు ఆ పరీక్ష సరిపోతుందేమో. మందుల డబ్బాకు, వంటగది సింకు కింది అరకు సరిపోదు. ఇన్సులిన్ సూదిని చూసి ఆనందించే వారు ఎవరూ ఉండరు కదా! నేనైతే మూడు ప్రశ్నలు వేస్తాను. ఈ వస్తువు చీకట్లో ఎవరి కాలికైనా తగులుతుందా? పసిచేతికి అందుతుందా? దీనిలో నీరు నిలుస్తుందా?

మొదటి ప్రశ్నతో మొదలుపెడదాం. అరవై ఐదేళ్లు దాటినవారు రాత్రి ఎందుకు పడిపోతారో ఆలోచించండి. ప్రొస్టేట్ ఇబ్బంది, మధుమేహం, రక్తపోటుకు ఇచ్చే మూత్రం ఎక్కువ చేసే మాత్రలు నిద్రలోంచి లేపుతాయి. పడుకున్నవారు ఒక్కసారిగా లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. శుక్లాలు ముదిరిన కంటికి మసక వెలుతురులో గోధుమరంగు గచ్చు మీది గోధుమరంగు పట్టా కనిపించదు. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి అడ్డు తగిలిన సంగతి తూలిపోయే వరకు తెలియదు. ఇవన్నీ కలిసిన ఆ క్షణంలో దారిలో ఒక ముక్కాలిపీటో, టేబుల్ ఫ్యాన్ తీగో, పాత చీర మడతపెట్టి కుట్టిన కాళ్లు తుడుచుకునే పట్టానో ఉంటే చాలు. నున్నని టైల్స్ మీద ఆ పట్టా ఎంత సునాయాసంగా జారుతుందో పగలు మీ కాలితో నెట్టి చూడండి.

పడితే విరిగేది చాలాసార్లు తుంటి దగ్గరి ఎముక. ముట్లుడిగిన తర్వాత స్త్రీలలో ఎముకలు గుల్లబారతాయి కనుక వారికి ప్రమాదం ఇంకా ఎక్కువ. శస్త్రచికిత్స నేడు బాగానే జరుగుతుంది. అయితే మంచాన పడిన పెద్దవారిని బాధించేది విరిగిన ఎముక ఒక్కటే కాదు. వీపు మీద పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. నిన్నటి వరకు తన పని తాను చేసుకున్న మనిషి మళ్లీ మునుపటిలా నడవకుండానే వెళ్లిపోవడం నా ఉద్యోగ కాలంలో ఎన్నిసార్లు చూశానో లెక్క చెప్పలేను. ఎముకల వార్డులో పడుకున్న వృద్ధులను ఎలా పడ్డారని అడిగితే, మేడ మెట్ల మీద నుంచి అని చెప్పినవారు తక్కువ. మంచం దిగి నాలుగడుగులు వేశానని చెప్పినవారే ఎక్కువ.

కాబట్టి సర్దవలసిన మొదటి చోటు మంచానికీ బాత్‌రూమ్‌కూ మధ్య ఉన్న ఆ కాస్త దారి. ఒకరు పట్టుకుని నడిపించవలసి వచ్చినా ఇద్దరూ పక్కపక్కన నడవగలిగినంత వెడల్పు ఉండాలి. తీగలు గోడ వెంట పోవాలి. పట్టాలు తీసేయాలి, లేదా అడుగున రబ్బరు ఉన్నవి వేయాలి. కళ్లద్దాలు, టార్చి, మంచినీళ్లు చేయి చాపితే అందేచోట ఉండాలి. రాత్రంతా వెలిగే చిన్న దీపం ఒకటి కావాలి. బాత్‌రూమ్‌లో సబ్బు, చెంబు, బ్రష్షు నేల మీద కాకుండా నడుమెత్తున ఉండాలి. తువ్వాలు వేసే కడ్డీని పట్టుకుని లేచే అలవాటు చాలామందికి ఉంది. ఆ కడ్డీ మనిషి బరువు కోసం చేసింది కాదు. గోడలోకి గట్టిగా బిగించిన పట్టుకడ్డీ వేయించండి.

ఇక్కడ పిల్లలకు ఒక మాట చెప్పాలి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో అమెరికా నుంచో సెలవుల్లో వచ్చిన కొడుకులు, కూతుళ్లు తల్లిదండ్రుల ఇంటిని ఒక్క వారంలో బాగుచేసి వెళ్లాలని ఉత్సాహపడతారు. మంచం ఈ గోడ నుంచి ఆ గోడకు మారుతుంది. పాత కుర్చీ బయటికి పోతుంది, దాని స్థానంలో చక్రాల కుర్చీ ఒకటి వస్తుంది. ఉద్దేశం మంచిదే. కానీ డెబ్బై ఐదేళ్ల మనిషి తన గదిలో కంటితో నడవడు, జ్ఞాపకంతో నడుస్తాడు. మంచం పట్టె, తర్వాత కుర్చీ వీపు, తర్వాత తలుపు రెక్క – చీకట్లో చేయి వాటిని ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటుంది. ఆ కుర్చీ మీ కంటికి చెత్త, ఆయనకు చేతికర్ర. సర్దిన రాత్రే పడినవారిని నేను ఆసుపత్రిలో చూశాను. మతిమరుపు జబ్బు ఉన్నవారి గదిలో అయితే వస్తువుల స్థానాలు మార్చడం వారిని అయోమయంలోకి నెట్టడమే.

అడగకుండా పారేయడం మరీ తప్పు. రేకు పెట్టెలో పెళ్లినాటి శుభలేఖలు, పోయినవారి ఉత్తరాలు, ఎవరికీ పనికిరాని రసీదులు ఉంటాయి. వాటి వల్ల ఎవరి కాలూ విరగదు. ‘అమ్మా, బీరువా మొత్తం నీ ఇష్టం, ఈ నడిచే దారి మాత్రం నాకు వదిలేయి’ అని బేరం పెట్టి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు. అయితే గదిలో కాలు పెట్టే చోటు లేనంతగా వస్తువులు పేరుకుపోయి, ఒక పాత సంచి తీసినా ఆ మనిషి తీవ్రంగా కలవరపడుతుంటే అది పిసినారితనమూ కాదు, మొండితనమూ కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగ వర్గీకరణలో దీనిని ప్రత్యేక రుగ్మతగా చేర్చారు. అంతకుముందు లేని ఈ అలవాటు ముసలితనంలో కొత్తగా మొదలైతే మతిమరుపు జబ్బుకు తొలి గుర్తు కూడా కావచ్చు. తిట్టి ప్రయోజనం లేదు, మానసిక వైద్యుడికి చూపించండి.

సర్దవలసిన రెండో చోటు మందుల డబ్బా. డబ్బా అన్నాను గాని, మన ఇళ్లలో అది ఒక క్యారీబ్యాగు. ఓపీలో నా బల్ల మీద అలాంటి సంచులను బోర్లించిన ప్రతిసారీ ఒకే మందు రెండు వేర్వేరు పేర్లతో దొరకడం పరిపాటిగా ఉండేది. గుండె వైద్యుడు ఒక కంపెనీది రాస్తాడు, షుగరు వైద్యుడు మరో కంపెనీది రాస్తాడు, రోగి రెండూ భక్తిగా మింగుతాడు. ఒక మధ్యాహ్నం మందులన్నీ దుప్పటి మీద పరచండి. పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరును వదిలి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. ఒకే పేరు రెండుచోట్ల కనబడితే దేనినీ మీ అంతట మీరు ఆపకుండా రెండూ తీసుకుని వైద్యుడి దగ్గరికి వెళ్లండి. గడువు తేదీ ఉన్న అంచును కత్తిరించేసిన అట్టలు, మూత తీసి నెల దాటిన కంటి చుక్కలు, నీళ్లు కలిపిన పిల్లల యాంటీబయాటిక్ సీసాలో మిగిలిన అడుగు, కిందటేడు జ్వరానికి సగం వాడి ఆపేసిన కోర్సు, కాలం చేసిన పెద్దాయన మాత్రలు – ఇవి ఇంట్లో ఉండకూడదు. ఖరీదైనవని పక్కింటివారికి ఇవ్వకండి. అట్టలోంచి తీసి, వాడేసిన టీపొడిలో కలిపి, మూటకట్టి చెత్తబండికి ఇవ్వండి.

ఉంచుకున్నవాటిని బాత్‌రూమ్ అరలో, పొయ్యి పైన, ఎండ పడే కిటికీలో పెట్టకూడదు. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి గాని గడ్డకట్టే పై అరలో ఉండరాదు. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు. మరో ముఖ్య విషయం. తాతగారి షుగరు మాత్రలను దిండు కింద, టీవీ పక్కన వదలకండి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ రకం మాత్ర ఒక్కటి మింగినా పసిబిడ్డకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ గంటల తర్వాత పడిపోవచ్చు. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పసిచేతికి అందేవి ఇంకా ఉన్నాయి. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాను పారేయడానికి మనకు మనసొప్పదు. దానిలో యాసిడ్ పోస్తాం, ఫినాయిల్ పోస్తాం, పల్లెల్లో పురుగుమందు పోస్తాం. బిడ్డకు అది కూల్‌డ్రింకే. డబ్బాలను పునర్వినియోగించడం ఎటు దారితీస్తుందో 2013 జూలైలో బిహార్‌లోని సారణ్ జిల్లా చూపించింది. మోనోక్రోటోఫాస్ పురుగుమందు ఉంచిన డబ్బాలో పోసిన నూనెతో బడి భోజనం వండగా 23 మంది పిల్లలు చనిపోయారు. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా ఇంటి వాడకానికి తేకండి. యాసిడ్, కిరోసిన్ వంటివి ఎవరైనా తాగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయవద్దు. అవి తిరిగి వచ్చేటప్పుడు అన్నవాహికను మరోసారి కాలుస్తాయి, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. సీసాతో సహా ఆసుపత్రికి తీసుకురండి.

బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు పిల్లల కంటికి పిప్పరమెంట్లు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న బిడ్డ ఆ ఉండను మింగితే రక్తకణాలు పగిలిపోతాయి. అప్పుడే పుట్టిన పసికందును ఆ వాసన నిండిన పాత దుప్పటిలో చుట్టినా అదే ప్రమాదం. ఇక సొరుగులో రిమోట్లు, పాత గడియారాల మధ్య దొర్లుతుండే బిళ్ల బ్యాటరీల సంగతి: మింగిన బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కణజాలాన్ని కాల్చడం మొదలుపెడుతుంది. ఇల్లంతా వదిలేసినా ఫరవాలేదు గాని ఆ సొరుగు మాత్రం ఈరోజే చూడండి.

నీరు నిలిచే వస్తువులు మేడ మీద, పెరట్లో ఉంటాయి. పగిలిన బకెట్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, వాడని కూలర్, ఫ్రిజ్ వెనుక ట్రే. డెంగీని మోసే ఏడిస్ దోమకు అరచేతిలో పట్టేటన్ని నీళ్లు చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కనుకనే శుక్రవారం డ్రై డే అంటూ ఆరోగ్య శాఖ వారానికొకసారి పాత్రలు ఖాళీ చేయమంటుంది. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర గోడకు అతుక్కుని నెలల తరబడి ఎండిపోయి ఉండి, మళ్లీ నీరు తగలగానే లేస్తాయి. గట్టిగా తోమాలి. ఇంటి గోడకు ఆనించిన కట్టెల పోగు, ధాన్యపు బస్తాలు ఎలుకలను పిలుస్తాయి, ఎలుకలు పాములను పిలుస్తాయి. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడంతోనే తెలుస్తుంది.

ఉబ్బసం ఉన్న ఇంట్లో మంచం కింద పాత బట్టల మూటలు ఉంచకూడదు. దుమ్మును పొడి చీపురుతో లేపేకన్నా తడిగుడ్డతో తుడవాలి. తీసేసిన పాత వస్తువులను భోగి మంటలో వేసేటప్పుడు కట్టెలకు పరిమితం కండి. ప్లాస్టిక్, రెగ్జిన్, టైర్లు కాలిన పొగ ఆ ఉబ్బసం మనిషినే ముందు పట్టుకుంటుంది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ఇదంతా ఒకే ఆదివారం చేయబోకండి. పెద్దవారు స్టూలు ఎక్కి అటక మీది ఇత్తడి బిందె దించబోయి పడితే సర్దడమే జబ్బవుతుంది. రోజుకొక అర చాలు. రోజూ వాడేవి నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. ఏడాదికొకసారి దించే బిందెను ఆ ఒక్కసారీ ఒంట్లో బలమున్న పడుచువారి చేత దింపించండి.

అన్నీ అయ్యాక వీధి తలుపు దగ్గర ఒక మేకు కొట్టి ఒక ఫైలు తగిలించండి. దానిలో తాజా మందుల చీటీ, పడని మందుల పేర్లు, పాత ఈసీజీ, రక్తగ్రూపు, ఆరోగ్య కార్డు నకలు, పిల్లల ఫోన్ నంబర్లు ఉంచండి. 108 సిబ్బంది వచ్చినప్పుడు అడిగేవి ఇవే. ఆ వాహనంలోని స్ట్రెచర్ మీ వరండాలోని చెప్పుల స్టాండు, సైకిలు, పూలకుండీల మధ్య నుంచి లోపలి గది వరకు వచ్చి, మనిషితో సహా తిరిగి వెళ్లగలదో లేదో కూడా ఒకసారి నడిచి చూసుకోండి.