తెర మీద చుండూరు ఏదీ?

‘జై భీమ్’ (2021) చూశాం. వాడవాడంతా చూశాం, ఏడ్చాం. లాకప్పులో మొగుణ్ణి చంపితే నిండు గర్భిణి డబ్బుకు లొంగకుండా కోర్టుకెక్కి కొట్లాడింది. మంచి సినిమా, కాదనం. కానీ అది తమిళగడ్డ కథ. మనకు కథల్లేవా?

1985లో కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. దానికి నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి వచ్చాడు బొజ్జా తారకం. ఆయన కథ సినిమాకు పనికిరాదా? 1991లో చుండూరులో 8 మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. కొట్లాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

‘పలాస 1978’ (2020) లాంటి ఒకటీ అరా తప్ప మన తెర ఇటు చూడదు. ఎందుకు చూస్తుంది? స్టూడియోలూ థియేటర్లూ ఎవరివంటే, ఊళ్లో పొలాలు ఎవరివో వాళ్లవే!

అన్నల్లారా, అక్కల్లారా! చుండూరు చూసిన కళ్లు ముసలివైపోతున్నాయి. చేతిలో సెల్‌ఫోను ఉంది కదా. సినిమాలు చూడ్డానికేనా అది? వాళ్ల ముందు కూర్చోండి, వాళ్ల మాటలు పట్టిపెట్టండి. మన సినిమా అక్కణ్ణించే మొదలవుతుంది.

జై భీమ్!