చక్కెర పువ్వు

పిల్లలూ! కేకు మీద చక్కెర గులాబీని చూచారు కదా! రేకులను కాగితమంత పలుచగా ఒత్తినా చిరగవు. ఎందువల్ల? చక్కెరలో బంక కలుపుతారు గనుక. ఇరాను దేశపు ముళ్ళపొదల నుండి వచ్చే ట్రాగకాంత్ బంక ఇందుకు పేరు పొందినది.

350 గ్రాముల ఐసింగు చక్కెర, పెద్ద చెంచాడు బంకపొడి, అంతే గ్లూకోజు పాకం, 4 పెద్ద చెంచాల గోరువెచ్చని నీరు కలిపి పూరీపిండిలా పిసకండి. చేతికి అంటితే మరికాస్త చక్కెర చల్లండి. రాత్రంతా మూసి ఉంచితే బంక నీరు పీల్చి ఉబ్బుతుంది; ముద్ద చక్కగా సాగుతుంది.

ముద్దకు గాలి తగిలితే తడి ఆరి రాయి అవుతుంది. కనుక పైన కొద్దిగా వనస్పతి రాసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, బిగుతు మూత డబ్బాలో ఉంచాలి. ఆరిన పువ్వుకు మాత్రం అట్టపెట్టె మేలు. ఫ్రిజ్‌లో పెడితే చెమర్చి వాలిపోతుంది.

తీగ గుచ్చిన పువ్వును చిన్నపిల్లల నోటికి అందనీయకండి!

వానాకాలంలో ఈ పువ్వు ఎందుకు మెత్తబడుతుందో ఆలోచించి చెప్పగలరా?