డియోన్ చట్టం వేర్పాటును నిషేధించలేదు

కెనడాలోని ఆల్బర్టాలో వేర్పాటు మాట లేచినప్పుడల్లా మన పత్రికలు స్టెఫాన్ డియోన్‌ను ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నాయి: 2008లో లిబరల్ పార్టీని 77 స్థానాలకు దిగజార్చిన ప్రొఫెసర్, ప్రావిన్సులు విడిపోకుండా చట్టం తెచ్చిన మంత్రి. మొదటిది నిజం. రెండోది చట్టం చదవకుండా రాసిన మాట. ఉన్నవి మూడే సెక్షన్లు, చదవడానికి ఎంతసేపు?

మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధిస్తున్న డియోన్‌ను ప్రధాని జాన్ క్రెటియెన్ 1996 జనవరిలో నేరుగా కేబినెట్‌లోకి తీసుకున్నారు. ఎంపీ అయింది మార్చి ఉప ఎన్నికలో. విడిపోవడంపై 1995లో జరిగిన క్యుబెక్ రెఫరెండం ముగిసి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. దేశం నిలిచింది 54,288 ఓట్ల తేడాతో. 1997లో క్యుబెక్ నేతలకు ఆయన రాసిన బహిరంగ లేఖలు ఎర్ర సిరాతో దిద్దిన జవాబు పత్రాల్లా ఉండేవి. ఊరికే కాదు, అక్కడి కార్టూన్లలో ఆయన ఎలుకగా కనిపించింది.

అసలు సంగతి 1998 ఆగస్టు 20 నాటి సుప్రీంకోర్టు అభిప్రాయంలో ఉంది. ఏకపక్షంగా విడిపోయే హక్కు క్యుబెక్‌కు కెనడా రాజ్యాంగంలోనూ లేదు, అంతర్జాతీయ న్యాయంలోనూ లేదని కోర్టు చెప్పింది. మనవాళ్లు అక్కడితో చదవడం ఆపేస్తారు. స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా కెనడా చర్చలకు కూర్చోక తప్పదన్నదీ అదే కోర్టు. ఏది స్పష్టమో తేల్చే పనిని మాత్రం రాజకీయ నాయకులకే వదిలింది. ఆ ఖాళీని పూరించడానికి వచ్చిందే 2000 జూన్‌లో ఆమోదం పొందిన క్లారిటీ యాక్ట్. విడిపోవచ్చని ఒప్పుకుని, ఎలాగో కూడా చెప్పే చట్టాన్ని నిషేధమని ఎలా అంటాం?

మొదటి సెక్షన్‌లో నాలుగో ఉపసెక్షన్ చూడండి. చర్చలకు అనుమతి మాత్రమే అడిగే ప్రశ్న చెల్లదు. కెనడాతో ఆర్థిక, రాజకీయ ఏర్పాట్లను కలిపేసి, విడిపోవడంపై ప్రజల సూటి అభిప్రాయాన్ని మరుగుపరిచే ప్రశ్నా చెల్లదు. మొదటిది 1980 రెఫరెండానికి, రెండోది 1995 రెఫరెండానికి గురిపెట్టి రాసినవే. 1995 బ్యాలెట్‌పై కొత్త భాగస్వామ్యం ఉంది, జూన్ 12 నాటి ఒప్పందం ఉంది, సార్వభౌమత్వం కూడా ఉంది. ప్రత్యేక దేశం అన్న మాట మాత్రం లేదు.

ఎంత శాతం వస్తే స్పష్టమైన మెజారిటీయో చట్టం చెప్పలేదు, అందుకే ఓట్లు లెక్కించాక ఒట్టావా మాట మార్చవచ్చన్నది పాత విమర్శ. అందులో కొంత పస ఉంది. సగంపై ఒక్క ఓటు చాలంటూ క్యుబెక్ 2000 డిసెంబరులో సొంత చట్టం చేసుకుంది కూడా. అయినా అంకె వేయకపోవడమే సరైనదని నా అభిప్రాయం. 60 అని రాసి ఉంటే 59.5 వచ్చిన మర్నాడు ఏ ప్రభుత్వం నిలబడగలదు? పైగా ప్రశ్న స్పష్టంగా ఉందో లేదో కామన్స్ సభ 30 రోజుల్లో, పోలింగ్‌కు ముందే తేల్చాలి. ఓటరుకు ముందే తెలిసిన షరతును మోసం అనలేం.

ఈ చట్టం క్యుబెక్‌కు మాత్రమే కాదు, ఏ ప్రావిన్సుకైనా వర్తిస్తుంది. రాజ్యాంగ సవరణ ప్రతిపాదించే ముందు ఆస్తులు, అప్పులు, సరిహద్దులతో పాటు ఆదివాసుల హక్కులు, వారి భూభాగ వాదనలు కూడా చర్చల్లోకి రావాలంటుంది మూడో సెక్షన్. ఆల్బర్టా ప్రావిన్సుగా ఏర్పడింది 1905లో. ఆ నేలపై ఆదివాసులతో రాజరికం కుదుర్చుకున్న 6, 7, 8 నంబరు ఒప్పందాలు 1876, 1877, 1899 నాటివి. చమురు ఆదాయం లెక్కలతోనే వేర్పాటును వివరించేవాళ్లు ముందు ఈ సెక్షన్‌కు జవాబు చెప్పాలి.