కోళ్లు చచ్చాక కాదు, పక్షులు దిగినప్పుడే పరీక్షించాలి

కొల్లేరు చుట్టుపక్కల కోళ్ల రైతులకు, చెరువుల మీద బతికేవాళ్లకు, బాతుల కాపర్లకు, పంచాయతీ పెద్దలకు

2025 సంక్రాంతి ప్రాంతంలో గోదావరి జిల్లాల్లో ఏం జరిగిందో ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. షెడ్లలో కోళ్లు కుప్పలుగా పడిపోయాయి. ఎండదెబ్బ అనడానికి ఇంకా వేసవి రాలేదు. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం నమూనాల్లో బర్డ్ ఫ్లూ ఉందని ఫిబ్రవరిలో భోపాల్ ల్యాబ్ తేల్చేసరికి కోళ్లు లక్షల్లో పోయాయి. చికెన్ కొట్ల దగ్గర ఈగలు తోలుకున్నారు. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఇదే వైరస్‌తో చనిపోయింది. జబ్బు తేలాక కిలోమీటరు లోపలి కోళ్లను చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం మామూలే. ఇల్లు కాలాక బావి తవ్వడమంటే ఇదే.

మేం అడిగేది ఒకటే. కొల్లేటికి వలస పక్షులు దిగే అక్టోబరు నుంచి అవి వెళ్లిపోయే మార్చి దాకా, ఊళ్లో జబ్బు ఉన్నా లేకపోయినా, నెలనెలా నమూనాలు తీసి పరీక్షించాలి. ఫలితం పంచాయతీ బోర్డు మీద రాయాలి.

ఎందుకంటే సూదితోక బాతు లాంటివి ఈ రకం వైరస్‌లను కడుపులో మోస్తూ కూడా హాయిగా ఈదగలవు. అదే వైరస్ షెడ్డులో పడితే కోళ్లు రెండు మూడు రోజుల్లో తుడిచిపెట్టుకుపోతాయి. రెట్టతో నీళ్లలో కలిసిన వైరస్, నీళ్లు చల్లగా ఉంటే, వారాల తరబడి బతుకుతుంది.

దీనికి ప్రతి పక్షినీ వల వేసి పట్టక్కర్లేదు. రాత్రి బాతులు పడుకున్న గట్టు మీద తెల్లారేసరికి తాజా రెట్టలుంటాయి. దూది పుల్లతో అద్ది, నమూనా చెడకుండా ఉంచే ద్రావణం ఉన్న చిన్న గొట్టంలో వేసి, ఐస్ పెట్టెలో సర్దాలి. ఏ రెట్ట ఏ పక్షిదో చెప్పగలిగేది లంకల్లో పుట్టి పెరిగిన వేటగాళ్లే. ఆ మనుషులకు కూలి కట్టి పని అప్పగించాలి. అంతకన్నా విలువైన నమూనా చచ్చిన పక్షి. 2020 డిసెంబరులో రాజస్థాన్‌లోని ఝలావర్‌లో కాకులు రాలిపడితే ఎవరో పట్టించుకుని నమూనా పంపబట్టే సంగతి బయటపడింది. అదే చలికాలం హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర వేల పక్షులు చచ్చాయి. ఎక్కువ శాతం అడ్డచారల తల పెద్దబాతులే.

అలాగని పక్షుల మీద కత్తి కట్టకండి. ఇప్పుడు తిరుగుతున్న వైరస్ మూలం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు పెద్దబాతుల్లో దొరికింది. మనుషుల పెంపకం నుంచే అది అడవి పక్షులకు పాకింది. 2022 చివర్లో పెరూ తీరంలో గూడబాతులు వేలల్లో చచ్చాయి. ఆటపాకలో మనం చూసేది వాటి బంధువులనే. బాణసంచా కాల్చి తరిమితే జబ్బు పక్షి ఇంకో చెరువుకు ఎగిరిపోతుంది, అంతే. పైగా షెడ్డు నుంచి షెడ్డుకు వైరస్‌ను మోసే గుడ్ల ట్రేలనూ లారీ చక్రాలనూ వదిలేసి ఆకాశం వైపు వేలు చూపడం మన సోమరితనం.

కోళ్ల రైతుల భయం మాకు తెలుసు: వైరస్ ఉందని తేలితే రేటు పడిపోతుందని. అడవి పక్షిలో వైరస్ దొరికినంత మాత్రాన దేశంలోని కోళ్లకు జబ్బున్నట్టు కాదని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ నియమాలే చెబుతున్నాయి. ఈ మాట పశుసంవర్ధక శాఖ ఫలితంతో పాటే దండోరా వేయించాలి. బాగా ఉడికిన మాంసంలో ఈ వైరస్ బతకదని కూడా.

అసలు చిక్కు బాతుల మందలది. వరి కోసిన చేలల్లో గింజలూ నత్తలూ ఏరుకుంటూ, వలస పక్షులు దిగిన మడుగులోనే ఇవీ దిగుతాయి. 2004లో థాయ్‌లాండ్‌లో ఇలా చేలల్లో మేసే బాతులకూ బర్డ్ ఫ్లూ వ్యాప్తికీ గట్టి సంబంధం కనిపించింది. మందను ఇంటి దగ్గరే కట్టెయ్యమని కాపరికి చెప్పడం తేలిక. ఆ నెల మేత ఎవరు కొంటారు? కొల్లేటి నమూనాల్లో వైరస్ తేలిన రోజు నుంచీ మందను ఆపినవాడికి ప్రభుత్వమే మేత ఖర్చు ఇవ్వాలి. చంపిన కోళ్లకిచ్చే పరిహారంతో పోలిస్తే అదెంత?

పక్షులు దిగకముందే జరిగే గ్రామసభలో ఈ తీర్మానం పెట్టండి. ఈలోగా చచ్చిన కొంగో బాతో కాకో కనిపిస్తే చేత్తో తాకొద్దు, కుక్కల్ని దగ్గరికి పోనీయొద్దు. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి గానీ ఊరి పశువైద్యుడికి గానీ చెప్పండి. ఎక్కడ, ఏ పక్షి, ఎన్ని అన్నది రాసి పెట్టుకోండి.